ఒక్కరికే ఉండే చోటు: బ్రియానా స్కరీ ఆట జీవితం

1995 జూన్ 8న స్వీడన్‌లోని యేవ్లె పట్టణంలో మహిళల ఫుట్‌బాల్ ప్రపంచ కప్ మ్యాచ్ ఒకటి ముగింపుకు వచ్చింది. డెన్మార్క్ మీద అమెరికా 2-0 ఆధిక్యంలో ఉంది, మిగిలినవి కొద్ది నిమిషాలే. బంతిని చేతుల్లో పట్టుకొని దూరంగా తన్నబోయిన అమెరికా గోల్‌కీపర్, బంతిని చేత్తో పట్టుకునే వీలున్న పెనాల్టీ ప్రాంతపు గీత దాటిందంటూ రిఫరీ ఎర్ర కార్డు చూపించి బయటికి పంపేశారు. అమెరికా అప్పటికే మార్పులన్నీ వాడేసుకుంది కనుక బెంచీ మీది రెండో గోల్‌కీపర్‌ను దించే వీలు లేదు. అలాగని గోల్‌ను ఖాళీగా వదిలేయలేరు. చివరికి, ప్రపంచంలోనే పేరుపొందిన గోల్ వేటగత్తె మియా హామ్ గోల్‌కీపర్ చొక్కా తొడుక్కొని కంబాల మధ్య నిలబడి, ఆ నిమిషాలను గోల్ పడకుండా దాటించింది.

బయటికి నడిచిన గోల్‌కీపర్ పేరు బ్రియానా స్కరీ. ఆమె గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆమె పేరు వినగానే అందరికీ 1999 ప్రపంచ కప్ ఫైనల్‌లో ఆమె ఆపిన పెనాల్టీ గుర్తుకొస్తుంది. నాకు మాత్రం ముందుగా ఈ యేవ్లె మ్యాచ్ తలపుకొస్తుంది, ఎందుకంటే గోల్‌కీపర్ బతుకులోని అసలు చిక్కు ఏమిటో ఆ కొద్ది నిమిషాల్లో బయటపడింది. మైదానంలో మిగతా పదిమందికి పది రకాల చోట్లు ఉంటాయి. ఒకచోట కుదరని మనిషిని మరోచోట సర్దుతారు, అరగంట ఆడించి మార్చేస్తారు, వెనుక ఆడేవారిని ముందుకు పంపుతారు. గోల్‌కీపర్‌కు ఉన్నది ఒక్క చోటే. అందులో ఒకరు నిలబడ్డారంటే మరొకరు నెలలపాటు, ఒక్కోసారి సంవత్సరాలపాటు, బెంచీ మీద కూర్చున్నారని అర్థం. ధోనీ ఉన్నన్నాళ్లూ దినేశ్ కార్తీక్, పార్థివ్ పటేల్ ఎలా ఎదురుచూశారో చూసిన మనకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. స్కరీ ఆట జీవితమంతా ఆ ఒక్క చోటును సంపాదించడం, పోగొట్టుకోవడం, తిరిగి దక్కించుకోవడం, మళ్లీ అప్పగించడం చుట్టూనే తిరిగింది.

అసలు ఆ చోటికి ఆమె వచ్చిన తీరే చిత్రంగా ఉంటుంది. 1971లో మినియాపోలిస్‌లో, తొమ్మిదిమంది సంతానంలో అందరికన్నా చిన్నదిగా పుట్టి, మిన్నెసోటా రాష్ట్రంలోని డేటన్ అనే చిన్న ఊరిలో పెరిగింది. చుట్టుపక్కల ఇళ్లలో నల్లజాతి కుటుంబాలు దాదాపు లేవు, ఆడపిల్లలకు ఫుట్‌బాల్ జట్టూ లేదు. మగపిల్లల జట్టులో చేరితే, ఆడపిల్లకు దెబ్బలు తగలకుండా ఉండే చోటు అదేనని తలచి కోచ్ ఆమెను గోల్‌లో నిలబెట్టాడు. ఈ సంగతి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా జిల్లా పరిషత్తు పాఠశాలలో హ్యాండ్‌బాల్ జట్టు కట్టినప్పుడు, "నీకు పరుగు రాదు, గోల్‌లో నిలబడమ్మా" అని మా పీఈటీ సారు నన్ను కూడా ఇలాగే ఒక మూలకు పంపించారు. పరుగు రానివారికీ, ఆడపిల్లలకూ, చివరికి మిగిలినవారికీ ఇచ్చే చోటు అది. నేను రెండేళ్లు నిలబడి చేతివేళ్లు బెణికించుకొని మానేశాను. దెబ్బలు తగలని చోటని ఆమెకు ఇచ్చిన ఆ గోల్‌లోనే, ముప్పై ఎనిమిదేళ్ల వయసులో, ఆమెకు తన జీవితంలోకెల్లా పెద్ద దెబ్బ తగిలింది. ఆ సంగతికి తరవాత వస్తాను.

ఎనిమిదేళ్ల వయసులో, 1980 శీతాకాల ఒలింపిక్స్‌లో అమెరికా ఐస్ హాకీ కుర్రాళ్లు సోవియట్ జట్టును ఓడించడాన్ని టీవీలో చూసి, తానూ ఒలింపిక్స్‌కు వెళ్లాలని ఆమె అనుకుంది. అప్పటికి ఒలింపిక్స్‌లో మహిళల ఫుట్‌బాలే లేదు. స్కూల్లో బాస్కెట్‌బాల్ కూడా బాగా ఆడినా, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి ఫుట్‌బాల్ కోసమే వెళ్లింది. 1993లో ఆ జట్టు జాతీయ కళాశాలల పోటీలో సెమీఫైనల్ దాకా వచ్చి నార్త్ కరొలైనా చేతిలో ఓడింది. నార్త్ కరొలైనా కోచ్ ఆన్సన్ డోరెన్స్ అప్పట్లో అమెరికా జాతీయ జట్టుకు కూడా కోచ్. తనకు ఎదురు నిలిచిన ఆ గోల్‌కీపర్‌ను ఆయన గుర్తుపెట్టుకొని జాతీయ శిబిరానికి పిలిచాడు. 1994 మార్చి 16న పోర్చుగల్ మీద ఆమె తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడింది. 1991లో మొదటి ప్రపంచ కప్ గెలిచిన జట్టుకు గోల్‌కీపర్ మేరీ హార్వీ. ఏడాది తిరిగేసరికి ఆ చోటు స్కరీది అయింది, 1996 ఒలింపిక్స్ నాటికి హార్వీ రెండో గోల్‌కీపర్‌గా బెంచీ మీద ఉంది. స్కరీ కథను ఆమె వైపు నుంచి చెప్పుకుంటున్నాం కాబట్టి ఇది విజయంలా వినిపిస్తుంది. హార్వీ వైపు నుంచి చెబితే మరోలా వినిపించేది.

1995 ప్రపంచ కప్‌లో అమెరికా సెమీఫైనల్‌లో నార్వే చేతిలో 0-1తో ఓడి మూడో స్థానంతో సరిపెట్టుకుంది. మరుసటి ఏడాది అట్లాంటా ఒలింపిక్స్‌లో మహిళల ఫుట్‌బాల్‌ను తొలిసారి చేర్చారు. జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ అనే ఊళ్లో, డెబ్బై ఆరు వేలకు పైగా జనం ముందు, అమెరికా ఫైనల్‌లో చైనాను 2-1తో ఓడించింది. టోర్నమెంటు మొత్తంలో స్కరీ వదిలినవి మూడే గోల్స్. ఆటలకు ముందు ఒక పత్రికా విలేఖరితో, స్వర్ణం గెలిస్తే ఆ ఊరి వీధిలో నగ్నంగా పరుగెత్తుతానని ఆమె సరదాగా అనేసింది. అన్నమాట ప్రకారం అర్ధరాత్రి దాటాక, జనం లేని వీధిలో, ఒంటిమీద పతకం తప్ప మరేమీ లేకుండా కొన్ని అడుగులు పరుగెత్తి వచ్చేసింది. ఆమె జీవితంలో తరవాత జరిగినవాటిని తలచుకున్నప్పుడల్లా, ఇరవై నాలుగేళ్ల అమ్మాయి నవ్వుతూ తీసిన ఆ పరుగు నాకు గుర్తుకొస్తుంది, మరీ ముఖ్యంగా ఆ మెడలోని పతకం.

1999 ప్రపంచ కప్ అమెరికాలోనే జరిగింది. అప్పటి కోచ్ టోనీ డిసికో తానూ ఒకప్పటి గోల్‌కీపరే. క్వార్టర్ ఫైనల్‌లో జర్మనీ మీద ఆట మొదలైన అయిదో నిమిషంలో, రక్షణలో ఆడుతున్న బ్రాందీ చాస్టెయిన్ బంతిని వెనక్కి తన గోల్‌కీపర్‌కు పంపబోయింది. అప్పటికే స్కరీ బంతి కోసం ముందుకు వచ్చేసింది, బంతి ఆమెను దాటి సొంత గోల్‌లోకి వెళ్లిపోయింది. ఇద్దరి మధ్య ఒక్క కేక కరువై పడిన గోల్ అది. రెండో అర్ధభాగంలో ఆ చాస్టెయినే గోల్ చేసి స్కోరు సమం చేయగా, అమెరికా 3-2తో గట్టెక్కింది. జూలై 4న సెమీఫైనల్‌లో బ్రెజిల్‌ను 2-0తో ఓడించినప్పుడు, నా దృష్టిలో, ఆ టోర్నమెంటులో స్కరీ ఆడిన అత్యుత్తమ ఆట కనిపించింది. స్కోరు చూసినవారికి సునాయాసంగా గెలిచినట్టు ఉంటుంది కానీ, బ్రెజిల్ దాడులను ఆమె ఒకదాని తరవాత ఒకటిగా ఆపకపోయి ఉంటే ఫైనల్ దాకా సంగతి వచ్చేది కాదు. గెలిచిన ఆటలో గోల్‌కీపర్ పని ఎవరికీ గుర్తుండదు.

జూలై 10న పసడీనాలోని రోజ్ బౌల్ మైదానంలో ఫైనల్ చూడటానికి 90,185 మంది వచ్చారు. ఆ రోజు అమెరికా మొదటి పదకొండుమందిలో నల్లజాతి క్రీడాకారిణి స్కరీ ఒక్కతే. చైనాతో 90 నిమిషాలు గోల్ లేకుండా గడిచాయి. నిర్ణీత సమయం చివరలో కార్నర్ బంతిని గుద్దబోయిన స్కరీకీ ఆమె జట్టులోని మిషెల్ ఏకర్స్‌కూ ఢీ తగిలి, ఏకర్స్ ఆట నుంచి తప్పుకోవలసి వచ్చింది. అదనపు సమయంలో ఫాన్ యున్‌జీ కొట్టిన హెడర్ స్కరీని దాటిపోయింది. గీత మీద నిలబడి ఉన్న క్రిస్టీన్ లిల్లీ దాన్ని తలతో బయటికి కొట్టకపోయి ఉంటే కథ అక్కడే ముగిసేది. ఆ తరవాత షూటౌట్, అంటే రెండు జట్లూ చెరి అయిదు పెనాల్టీలు తన్ని గెలుపు తేల్చుకోవడం.

స్కరీకి ఒక అలవాటు ఉంది. పెనాల్టీ తన్నడానికి వచ్చేవారి ముఖం చూసేది కాదు, తన చోటులో తాను కుదురుకోవడం మీదే ధ్యాస పెట్టేది. చైనా తరఫున మొదటి ఇద్దరూ గోల్ చేశారు. మూడో పెనాల్టీకి లియు యింగ్ నడిచి వస్తుంటే మాత్రం, ఎందుకో ఆమెవైపు చూసిందట. వాలిన భుజాలతో వస్తున్న ఆ అమ్మాయిని చూడగానే, ఆపబోయేది ఈమె బంతినేనని తనకు తెలిసిపోయిందని స్కరీ తరవాత ఎన్నోసార్లు చెప్పింది. బంతికి కాలు తగలకముందే గీత వదిలి ముందుకు అడుగులు వేసి, ఎడమవైపు దూకి, చేతులతో పక్కకు నెట్టేసింది. అప్పటి నియమం ప్రకారం గోల్‌కీపర్ గీత మీద అటూ ఇటూ కదలవచ్చు కానీ ముందుకు రాకూడదు. ఆమె వచ్చింది. రిఫరీ చూడలేదు, లేదా చూసి ఊరుకున్నారు. ఆ పని అందరూ చేసేదేనని ఆమె కూడా దాచుకోకుండా ఒప్పుకుంది. నేను ఆ దృశ్యాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. నియమం అతిక్రమించిందన్న మాటలో నాకు అనుమానం లేదు, చైనా అభిమానులకు కడుపుమంట ఉంటే అది న్యాయమే. అయినా, తరవాతి రెండు పెనాల్టీలకూ ఆమె అదే గోల్‌లో నిలబడి ఆపలేకపోయిందన్న సంగతి ఎవరూ చెప్పరేమా అనిపిస్తుంది. జాంగ్ ఔయింగ్, సున్ వెన్ ఇద్దరూ గోల్ చేశారు. ఒకటి ఆపితే చాలన్న లెక్కలో ఆ ఒక్కటీ ఆపింది, అంతే. అమెరికా అయిదో పెనాల్టీని ఎడమకాలితో గోల్ చేసిన చాస్టెయిన్ చొక్కా విప్పి మోకాళ్ల మీద కూలబడిన ఫోటో ప్రపంచమంతా తిరిగింది. జర్మనీ మ్యాచ్‌లో పొరపాటున సొంత గోల్‌లోకి బంతి పంపిన అమ్మాయికి దక్కిన ఆ ఫోటో మీద నాకేమీ కోపం లేదు.

ఆ విజయం తరవాత సన్మానాలూ ప్రయాణాలూ పెరిగాయి, సాధన తగ్గింది. గాయమూ తోడైంది, బరువు పెరిగింది. తప్పు తనదేనని ఆమె తరవాత చెప్పింది. ఏడాది తిరగకముందే ఆ చోటులో సిరి మలినిక్స్ నిలబడింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో అమెరికా ఫైనల్ దాకా వెళ్లి నార్వే చేతిలో 2-3తో ఓడినప్పుడు స్కరీ మైదానంలో లేదు. ప్రపంచ కప్ తెచ్చిన గోల్‌కీపర్‌కు ఏడాదిలోపే చోటు లేకపోయింది. ఇందులో అన్యాయం ఏమీ లేదు, మలినిక్స్ ఆనాడు ఆమెకన్నా సిద్ధంగా ఉంది.

తిరిగి రావడానికి రెండేళ్లకు పైగా పట్టింది. 2001లో మొదలైన వృత్తిపరమైన మహిళల లీగ్‌లో అట్లాంటా బీట్ జట్టుకు ఆడుతూ స్కరీ మళ్లీ శరీరాన్ని దారిలోకి తెచ్చుకుంది. ఆ జట్టు రెండుసార్లు ఫైనల్‌కు చేరి రెండుసార్లూ ఓడింది. అందులో మొదటిది చాస్టెయిన్ ఉన్న జట్టు చేతిలో, అదీ పెనాల్టీ షూటౌట్‌లో. సార్స్ వ్యాధి వల్ల చైనా నుంచి అమెరికాకు మార్చిన 2003 ప్రపంచ కప్ నాటికి స్కరీ మళ్లీ మొదటి గోల్‌కీపర్. ఆ కప్‌కు కొద్ది రోజుల ముందే, డబ్బు లేక ఆ లీగ్ మూతపడింది. సెమీఫైనల్‌లో జర్మనీ 3-0తో ఓడించింది.

మరుసటి ఏడాది తండ్రి మరణించాడు. ఆ దుఃఖంతోనే 2004 ఒలింపిక్స్‌కు వెళ్లింది. ఈసారి ఒలింపిక్స్ గ్రీసు దేశపు ఏథెన్స్‌లో. ఫైనల్‌లో బ్రెజిల్ యువ జట్టు అమెరికాను ఉక్కిరిబిక్కిరి చేసింది, రెండుసార్లు బంతి గోల్ కంబానికి తగిలి వెనక్కి వచ్చింది, మిగతావాటికి స్కరీ అడ్డుపడింది. అదనపు సమయంలో ఆబీ వాంబాక్ హెడర్‌తో 2-1గా గెలిచారు. జార్జియాలోని ఏథెన్స్‌లో ఒక స్వర్ణం, గ్రీసులోని ఏథెన్స్ క్రీడల్లో మరో స్వర్ణం. ఒకే పేరున్న రెండు ఊళ్లు ఒకే మనిషికి ఇలా కలిసిరావడం గురించి మా అమ్మమ్మ అయితే పేరుబలం అనేది.

2007 నాటికి ఆమెకు ముప్పై ఆరేళ్లు. హోప్ సోలో అనే ఇరవై ఆరేళ్ల అమ్మాయి ఆ చోటు తీసుకుంది. చైనాలో జరిగిన ప్రపంచ కప్‌లో తొలి మ్యాచ్‌లో ఉత్తర కొరియాకు రెండు గోల్స్ ఇచ్చినా, తరవాత వరుసగా మూడు మ్యాచ్‌లలో సోలో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. సెమీఫైనల్ బ్రెజిల్‌తో. కోచ్ గ్రెగ్ రయన్ ఎవరూ ఊహించని పని చేశాడు. బ్రెజిల్ మీద స్కరీకి మంచి రికార్డు ఉందని, ఆ జట్టు ఆడే తీరుకు ఆమె చురుకుదనం పనికొస్తుందని చెప్పి, సోలోను కూర్చోబెట్టి స్కరీని దించాడు. సెప్టెంబర్ 27న హాంగ్‌జౌలో అమెరికా 0-4తో ఓడింది. మొదటి గోల్ తమవారి తల తగిలి సొంత గోల్‌లో పడింది. మొదటి అర్ధభాగం ముగియకముందే షానన్ బాక్స్‌కు ఎర్ర కార్డు వచ్చి జట్టు పదిమందికి తగ్గింది. మార్తా రెండు గోల్స్ చేసింది, క్రిస్టియాన్ ఒకటి. 51 మ్యాచ్‌లుగా ఓటమి ఎరుగని జట్టు ఒక్క సాయంత్రంలో కూలిపోయింది. మ్యాచ్ అయ్యాక సోలో, ఆ నిర్ణయం తప్పని, తానైతే ఆ బంతులు ఆపేదాన్నని కెమెరా ముందే అనేసింది. సాటి ఆటగత్తెలు దాన్ని సహించలేదు, ఆమెను జట్టుకు దూరంగా ఉంచారు. నార్వేతో మూడో స్థానపు మ్యాచ్‌లోనూ స్కరీయే ఆడింది, అమెరికా 4-1తో గెలిచింది.

ఈ ఉదంతంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. తప్పు కోచ్‌ది. సోలో మాట కటువైనదే, ఆ మాట అనకుండా ఉండవలసింది. కానీ ఆ నిర్ణయం తప్పన్న మాటలో అబద్ధం లేదు. ఫామ్‌లో ఉన్న గోల్‌కీపర్‌ను సెమీఫైనల్ ముందు మార్చడమంటే, కదులుతున్న రైలుకు ఇంజను మార్చడం. అయితే ఆ మాట తగిలింది కోచ్‌కు కాదు, స్కరీకి. 2000లో తన చోటు పోయినప్పుడు స్కరీ నోరు విప్పి ఎవరినీ నిందించలేదు. చోటు తిరిగి తన ఒళ్లో పడినప్పుడు వద్దనలేదు, ఏ గోల్‌కీపరైనా వద్దనగలదా? మరుసటి ఏడాది బీజింగ్ ఒలింపిక్స్‌లో సోలోయే గోల్‌లో నిలబడి బ్రెజిల్ మీద స్వర్ణం గెలిచింది. స్కరీ అంతర్జాతీయ జీవితం 2008తో ముగిసింది: 173 మ్యాచ్‌లు, వాటిలో 71 మ్యాచ్‌లు ఒక్క గోల్ కూడా ఇవ్వనివి. ఆ లెక్కలను తరవాత దాటింది కూడా సోలోయే.

2010 ఏప్రిల్ 25న వాషింగ్టన్ ఫ్రీడమ్ జట్టుకు ఆడుతుండగా, కింద వస్తున్న బంతి కోసం స్కరీ వంగింది. దూసుకొచ్చిన ఎదుటి క్రీడాకారిణి మోకాలు ఆమె కణతకు తగిలింది. లేచి, మొదటి అర్ధభాగం ముగిసేదాకా ఆడింది. విరామంలో బయటికి వచ్చేటప్పటికి నేరుగా నడవలేకపోతోంది. తిరిగి మైదానంలోకి వెళ్లింది లేదు, ఆట అక్కడే ముగిసింది. ఆ తరవాత మూడేళ్లకు పైగా తలనొప్పి, తూలిపోవడం, వెలుతురు సహించలేకపోవడం, మతిమరుపు, కుంగుబాటు. కాలు విరిగితే ఎక్స్‌రేలో కనిపిస్తుంది, మెదడు కుదుపుకు గురైన మనిషి బయటికి మామూలుగానే కనిపిస్తుంది. చికిత్సకు డబ్బు కోసం బీమా సంస్థతో ఆమె ఏళ్ల తరబడి పోరాడవలసి వచ్చింది. ఇల్లు గడవక రెండు ఒలింపిక్ స్వర్ణ పతకాలనూ 18,000 డాలర్లకు తాకట్టు పెట్టింది. న్యూజెర్సీలో తాను ఉంటున్న చోటికి దగ్గరలోని జలపాతం అంచున నిలబడి దూకుదామనుకున్న రోజు ఉందని, అమ్మ గుర్తుకొచ్చి వెనక్కి వచ్చేశానని ఆమే చెప్పింది.

నొప్పికి అసలు మూలం తల వెనుక ఉన్న నరంలో ఉందని ఆలస్యంగా తేలింది. 2013 అక్టోబరులో వాషింగ్టన్‌లో శస్త్రచికిత్స జరిగింది, మత్తు దిగి మెలకువ వచ్చేసరికే ఆ తలనొప్పి తగ్గిందని ఆమె చెప్పింది. తరవాతి ఏడాది అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం ముందు హాజరై, ఆటల్లో తలకు తగిలే దెబ్బల గురించి సాక్ష్యం ఇచ్చింది. 2017లో అమెరికా జాతీయ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికైంది. ఆ గౌరవం దక్కిన తొలి మహిళా గోల్‌కీపర్, తొలి నల్లజాతి మహిళ ఆమే. 1999 చొక్కా ఇప్పుడు వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియంలో ఉంది.

తాకట్టులో ఉన్న పతకాలను విడిపించడానికి సాయం చేసిన క్రిసా జీజోస్‌నే 2018లో ఆమె పెళ్లి చేసుకుంది. రెండు ఏథెన్స్‌ల స్వర్ణాలూ ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాయి, వాటిలో ఒకటి ఒకనాటి అర్ధరాత్రి జార్జియా వీధిలో ఆమె ఒంటిమీద ఉన్నది.